అప్పు చేయకుండా చర్చి పెళ్లి: విజయవాడ, గుంటూరు వాళ్లకు

మన చర్చి పెళ్లిలో అసలు పెళ్లికయ్యే ఖర్చు చాలా తక్కువ. చర్చికి కట్టే రుసుము, పాస్టర్ గారికి ఇచ్చే కానుక, రెండు ఉంగరాలు లేదా ఒక తాళి, రిజిస్టర్‌లో సంతకాలు. గంటన్నరలో ముగిసిపోతుంది. మిగతా డబ్బంతా చర్చి గేటు బయట పోతుంది: హాలు, భోజనాలు, బట్టలు, స్టేజీ, కార్లు, ఇప్పుడు కొత్తగా డ్రోన్ కెమెరా. తగ్గించాలనుకుంటే గేటు బయట తగ్గించండి. గేటు లోపల పనుల్లో మాత్రం పిసినారితనం, అశ్రద్ధ రెండూ వద్దు. అక్కడ మిగిలేది వేలల్లో కూడా ఉండదు, తేడా వస్తే ఏళ్లు తిరగాలి.

జనం లెక్క ముందు, హాలు తర్వాత

చాలా ఇళ్లలో మొదట హాలు బుక్ చేస్తారు. తర్వాత హాలు బోసిపోకూడదని జనాన్ని పిలుస్తారు. మీరు దీన్ని తిరగేయండి. రెండువైపుల పెద్దలనూ ఒకచోట కూర్చోబెట్టి ఒకే నోట్‌బుక్‌లో పేర్లు రాయండి. ఇంటికో లైను కాదు, తలకో లైను. ‘పెదనాన్న వాళ్లు’ అని రాస్తే ఒక లైనే, వచ్చేది ఏడుగురు. కార్డు మీద ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అని వేయించేది మనమే, తర్వాత అంతమంది వచ్చారేంటని గింజుకునేదీ మనమే.

ప్లేటు భోజనం 300 అనుకోండి. 200 మందికి 60,000. అదే 350 మంది అయితే 1,05,000. ఆ 45,000 తేడా ప్లేట్ల దగ్గర ఆగదు. కుర్చీలు, టేబుళ్లు, వాటర్ క్యాన్లు, హాలు సైజు, వడ్డించే కుర్రాళ్లు, అన్నీ దాంతోపాటే పెరుగుతాయి. అందుకే జనం లెక్క తేలకుండా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి. ఫొటోగ్రాఫర్, కీబోర్డ్ వాయించే అబ్బాయి, డ్రైవర్లు లెక్కలో ఎవరికీ గుర్తుండరు. వాళ్లూ భోజనానికి కూర్చుంటారు, రాసుకోండి.

ఒక చిక్కు చర్చి పెళ్లికే ప్రత్యేకం. ఆదివారం ఆరాధనలో పెళ్లి ప్రకటన చదివారంటే సంఘమంతటినీ పిలిచినట్టే. సంఘంలో 150 కుటుంబాలుంటే, ఎంతమంది వస్తారో పాస్టర్ గారినీ స్త్రీల సమాజం పెద్దలనూ అడగండి. ఇంతకుముందు జరిగిన పెళ్లిళ్లను బట్టి వాళ్లు చెప్పే అంచనా చాలావరకు సరిగ్గా ఉంటుంది. చుట్టాలకు బిర్యానీ, సంఘస్తులకు కేకు, టీ అని విడదీయడం మాత్రం చేయకండి. ఏది పెట్టినా అందరికీ ఒకటే పెట్టండి.

పంచాంగం చూడండి, తప్పించుకోవడానికి

మనకు ముహూర్తం పట్టింపు లేకపోవచ్చు. కానీ హాలు యజమానికి, పూల వ్యాపారికి, వంటమాస్టర్‌కి, ఫొటోగ్రాఫర్‌కి ఉంది. మంచి ముహూర్తం ఉన్న రోజున బందరు రోడ్డు మీద హాలు దొరకడమే కష్టం, దొరికినా బేరం ఉండదు. అందుకని గోడకున్న తెలుగు క్యాలెండర్ తీసి, ముహూర్తాలు లేని రోజులు గుర్తు పెట్టుకోండి. ఆషాఢ మాసం, మూఢం రోజులు, డిసెంబర్ 16 ప్రాంతం నుంచి సంక్రాంతి దాకా ఉండే ధనుర్మాసం, ఇవన్నీ హాళ్లు ఖాళీగా ఉండే రోజులు. ఆ రోజుల్లో అడిగితే అద్దె దిగుతుంది. అద్దె తగ్గించకపోయినా జనరేటర్ డీజిలో, క్లీనింగో కలిపి ఇస్తారు. ఆషాఢంలో చీరల షాపుల్లో డిస్కౌంట్లు కూడా ఉంటాయి.

నన్నడిగితే డిసెంబర్ 26 నుంచి 30 లోపు పెట్టుకోమంటాను. ధనుర్మాసం కాబట్టి బయట పెళ్లిళ్లు ఉండవు. చర్చిలో క్రిస్మస్‌కి కట్టిన స్టార్లు, సీరియల్ లైట్లు, పీఠం దగ్గర అలంకరణ అలాగే ఉంటాయి, మీరు పూలు మారిస్తే చాలు. హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నవాళ్లు పండక్కి ఎలాగూ ఊళ్లోనే ఉంటారు కాబట్టి రెండోసారి టికెట్లు పెట్టుకోనక్కర్లేదు. ఇబ్బంది ఒక్కటే. ఆ నెలంతా పాస్టర్ గారికి తీరిక ఉండదు. సెప్టెంబర్‌లోనే వెళ్లి అడిగి తేదీ రాయించుకోండి.

పెట్టుకోకూడని రోజులూ ఉన్నాయి. బూడిద బుధవారం నుంచి ఈస్టర్ వరకు శ్రమదినాలు. కథోలికులు, లూథరన్లు, సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు మామూలుగా ఆ రోజుల్లో పెళ్లిళ్లు చేయరు. ఈస్టర్ ఏటా మారుతుంది కాబట్టి ఆ ఏడాది తేదీ చూసుకోండి. ఫిబ్రవరి 9, 10, 11 గుణదల మాత తిరునాళ్లు. విజయవాడలో ఆ వైపు పెళ్లి పెట్టుకుంటే బంధువులు ట్రాఫిక్‌లోనే ఉండిపోతారు. ఇక మే నెల. బెజవాడ ఎండలో పెళ్లికొడుకు సూటు వేసుకుని, ఏసీ లేని చర్చిలో గంటన్నర నిలబడటం ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకుని నిర్ణయించుకోండి.

వేళ విషయానికొస్తే, 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే పెళ్లి జరగాలి. ఇది మన జేబుకు మంచిదే. ఉదయం పదిన్నరకు ఆరాధన పెట్టుకుంటే పన్నెండుకి ముగుస్తుంది, వెంటనే భోజనాలు. రిసెప్షన్ సాయంత్రానికి పెడితే రెండో పూట భోజనం, రెండో జత బట్టలు, లైటింగ్, స్టేజీ అన్నీ వచ్చి పడతాయి. ఒకే పూట, ఒకే భోజనం అని గట్టిగా అనుకోండి. పని రోజు పెట్టుకుంటే జనం కూడా కాస్త తగ్గుతారు.

చర్చి కాగితాలు: ఇక్కడ తొందర పడకండి

కనీసం రెండు నెలల ముందు పాస్టర్ గారిని లేదా ఫాదర్ గారిని కలవండి. బాప్తిస్మపు సర్టిఫికెట్, వయసు రుజువుకి టెన్త్ సర్టిఫికెట్, ఆధార్, ఫొటోలు అడుగుతారు. చట్ట ప్రకారం అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండి ఉండాలి. చర్చి సభ్యత్వ చందా బాకీ ఉంటే ముందు అది కట్టమంటారు. కార్డులు అచ్చయ్యాక ఆ మాట వినడం కన్నా ఇప్పుడే లెక్క చూడమని కోశాధికారిని అడగడం మేలు. అవతలి వాళ్లది వేరే సంఘమైతే అక్కడి నుంచి అభ్యంతరం లేదని ఉత్తరం తేవాలి. రెండు చర్చిల్లోనూ సాధారణంగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. కథోలిక సంఘంలో వీటితోపాటు వివాహ సిద్ధపాటు తరగతులు కూడా ఉంటాయి. ఇద్దరిలో ఒకరే క్రైస్తవులైనా క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్లి చేయొచ్చు. కానీ చర్చి నియమాలు వేరుగా ఉంటాయి, ముందే అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు ఎక్కువమంది పట్టించుకోని సంగతి. పెళ్లి జరిపించే పాస్టర్ గారికి ఆ చట్టం కింద వివాహాలు జరిపించే అధికారం ఉందా? పెద్ద సంఘాల్లో ఈ ఇబ్బంది దాదాపు రాదు. మన రెండు జిల్లాల్లో వీధికొక స్వతంత్ర సంఘం ఉంది, వాటన్నిటిలోనూ లైసెన్స్ ఉన్న పాస్టర్లు ఉండరు. అడగడానికి మొహమాటపడకండి. ‘అయ్యగారూ, మాకు వీసా పనికి మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి, మన దగ్గర ఇస్తారా?’ అంటే ఎవరూ నొచ్చుకోరు. లైసెన్స్ లేకపోతే, ఉన్న మరో పాస్టర్ గారిని పిలిచి ప్రమాణాలు, రిజిస్టర్ ఆయన చేతుల మీదుగా జరిపించి, ప్రసంగం మీ పాస్టర్ గారితో చెప్పించుకోవచ్చు. చాలా సంఘాల్లో ఇలాగే సర్దుకుంటున్నారు. మరో దారి, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించుకోవడం. దానికి 30 రోజుల నోటీసు ఉంటుంది కాబట్టి వారం ముందు పరుగెత్తితే లాభం లేదు.

రెండోది, పేరు. మనలో చాలామందికి చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు. సండే స్కూల్‌లో డేవిడ్, టెన్త్ మార్కుల లిస్టులో వెంకటేశ్వర్లు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒట్టి అక్షరం. రిజిస్టర్‌లో ఏ పేరు రాస్తే సర్టిఫికెట్‌లో అదే వస్తుంది. తర్వాత పాస్‌పోర్ట్‌లో భార్య పేరో భర్త పేరో చేర్చేటప్పుడు ఆధార్‌తో కలవకపోతే మళ్లీ అఫిడవిట్, మళ్లీ తిరుగుడు. అందుకని ఒక తెల్ల కాగితం మీద ఇద్దరి పూర్తి పేర్లు ఆధార్‌లో ఉన్న స్పెల్లింగ్‌తో, పుట్టిన తేదీలు, తండ్రుల పేర్లు, అడ్రసులు పెద్ద అక్షరాలతో రాసి, రిజిస్టర్ నింపే వారికి ముందు రోజే ఇవ్వండి. కార్డు మీద ముద్దుపేరు వేయించుకుంటే వేయించుకోండి, రిజిస్టర్‌లో వద్దు. సాక్షులు కనీసం ఇద్దరు కావాలి. సంతకాల వేళకు భోజనాల దగ్గరికి వెళ్లిపోయే బాబాయి కాకుండా, కుదురుగా కూర్చునే వాళ్లను ఎంచుకోండి.

హాలు కావాలా, చర్చి ఆవరణ చాలా?

200 మందిలోపైతే చర్చి ఆవరణో, చర్చికున్న కమ్యూనిటీ హాలో సరిపోతుంది. షామియానా, కుర్చీలు, టేబుళ్లు, వంట గిన్నెలు ఒకే సప్లయర్స్ దగ్గర తీసుకుంటే రవాణా ఒకసారే. జులై నుంచి అక్టోబర్ దాకా వానలు కాబట్టి మామూలు గుడ్డ షామియానా పనికిరాదు, రేకుల షెడ్డో పక్కా హాలో చూసుకోవాలి.

బయట హాలు తీసుకుంటే అద్దె ఎంత అని మాత్రమే అడిగి వచ్చేయకండి. కరెంటు మీటరు రీడింగ్ ప్రకారమా, అద్దెలో కలిపేనా? డీజిల్ ఎవరిది? క్లీనింగ్ వేరేనా? వంటవాళ్లను మనం తెచ్చుకోవచ్చా, లేక వాళ్ల క్యాటరింగే పెట్టుకోవాలా? డెకరేషన్ కూడా వాళ్ల మనిషితోనే చేయించాలా? ఈ చివరి రెండిటికీ ‘మా వాళ్లతోనే’ అని జవాబు వస్తే, అద్దె తక్కువగా కనిపించినా ఆ హాలు వదిలేయండి. మిగిలినట్టు అనిపించిందంతా ప్లేటు రేటులో లాగేస్తారు. ఒప్పుకున్నవన్నీ అడ్వాన్స్ రశీదు వెనక రాయించుకోండి.

భోజనం: సగం డబ్బు ఇక్కడికే

బంగారం పక్కన పెడితే, మీ దగ్గరున్న మొత్తంలో సగం భోజనానికి పోతుందనుకోండి. పదో వంతు ఎవరికీ చెప్పకుండా చేతిలో ఉంచుకోండి. మిగిలినదాంట్లో తక్కినవన్నీ సర్దాలి.

ప్లేటు లెక్కన క్యాటరింగ్ ఇస్తే టెన్షన్ తక్కువ, ఖర్చు ఎక్కువ. సరుకులు మనం కొని వంటమాస్టర్‌కి కూలి ఇస్తే బాగా కలిసొస్తుంది, కానీ సరుకుల మీద కన్నేసి ఉంచే నమ్మకమైన మనిషి ఇంట్లో ఉండాలి. మామయ్యల్లో ఒకరు ఇలాంటి పనికి పుట్టినట్టే ఉంటారు, ఆయన్ని పట్టుకోండి. కిరాణా విజయవాడలో అయితే గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌లో, గుంటూరులో అయితే పట్నం బజారులో తీసుకోవచ్చు. వంటమాస్టర్ రాసిచ్చిన చీటీని ఉన్నదున్నట్టు కొనేయకండి. ఒక్కో వస్తువూ ఎందుకు, ఎంత అని అడగండి. జీడిపప్పు, నెయ్యి, నూనె దగ్గర చీటీ కాస్త ధారాళంగా ఉంటుంది.

మెనూ విషయంలో నా మాట వినండి. ఒక పలావు, ఒక చికెన్ కూర, తెల్లన్నం, గోంగూర పచ్చడి, పప్పుచారు, పెరుగు పచ్చడి, పెరుగు, ఒక స్వీటు. అంతే. మటన్ జోలికి వెళ్లకండి. మటన్ పెట్టారంటే అందరి కళ్లూ ముక్క ఎవరికి ఎంత పడిందన్న దాని మీదే ఉంటాయి, ఎంత పోసినా చాలదు. గుంటూరు వాళ్లకి గోంగూరలో ఎర్ర కారం సరిగ్గా పడితే, పక్కన ఇంకో రెండు కూరలు లేవన్న సంగతి గుర్తుకే రాదు. పలావుకి బాస్మతే కావాలని లేదు, మన సన్న బియ్యంతో బాగానే వస్తుంది. వంద మందికి పలావు బియ్యం 14, 15 కిలోలు, చికెన్ 20 కిలోల దాకా అని లెక్క వేసుకుని, మీ వంటమాస్టర్‌తో సరిచూసుకోండి. చికెన్ షాపులో చెప్పిన రేటు లైవ్‌దా, స్కిన్‌లెస్‌దా అన్నది తేల్చుకోండి. కోడి కోసి శుభ్రం చేశాక మూడో వంతు బరువు పోతుంది.

ఇంకో సంగతి. కార్తీక మాసంలో చాలామంది మాంసం మానేస్తారు కాబట్టి చికెన్ రేటు తరచూ దిగుతుంది. ఆ నెలలో హాళ్లకు మాత్రం గిరాకీ. చర్చి ఆవరణలోనే పెళ్లి చేసుకునేవాళ్లకి కార్తీకం కలిసొస్తుంది.

యేసు నీళ్లను ద్రాక్షారసంగా మార్చిన కానా పెళ్లి గురించి ప్రతి పెళ్లి ప్రసంగంలోనూ వింటాం. అయినా భోజనం తక్కువ పడితే అద్భుతం కోసం చూడకుండా, మొదటి పంక్తి లేవగానే మిగిలింది ఎంతో చూసుకునే మనిషిని ఒకరిని పెట్టుకోండి. ఇంకో పాతిక కిలోల తెల్లన్నం వండుకునేలా బియ్యం, గ్యాస్ పక్కన ఉంచితే చాలు. కూర తగ్గినా అన్నం, పప్పుచారు, గోంగూర ఉంటే పరువు నిలబడుతుంది.

బట్టలు, బంగారం

పెళ్లికూతురి తెల్ల చీరకు పెద్ద షోరూమ్ ఎక్కనక్కర్లేదు. విజయవాడకీ గుంటూరుకీ మధ్యలోనే మంగళగిరి ఉంది. తెలుపులోనో మీగడ రంగులోనో జరీ అంచు మంగళగిరి పట్టు నేతగాళ్ల సొసైటీ దగ్గర, మగ్గాలున్న ఇళ్ల దగ్గర దొరుకుతుంది. పెళ్లయ్యాక ప్రతి క్రిస్మస్‌కీ కట్టుకోవచ్చు. గౌను అయితే ఆ ఒక్క రోజుకే, అద్దెకు తీసుకోండి. ముసుగుకి నెట్ గుడ్డ, లేసు విజయవాడ వన్‌టౌన్‌లో మీటర్ల లెక్కన కొని మీ టైలర్‌తో కుట్టిస్తే, రెడీమేడ్ ముసుగు ధరలో చిన్న భాగమే అవుతుంది. చుట్టాలకు పెట్టే పెట్టుబడి బట్టలకు వన్‌టౌన్‌లోని బట్టల మార్కెట్ వస్త్రలత ఎలాగూ ఉంది. పెళ్లికొడుకు సూటు కొనాలనుకుంటే ముదురు నీలం బ్లేజర్ కొనండి, ఆఫీసుకీ పనికొస్తుంది. మెరిసే రకాలు కావాలంటే అద్దెకే.

తాళి కట్టే ఆచారం కొన్ని సంఘాల్లో ఉంది, కొన్నిట్లో ఉంగరాలే, నగలు అసలు వద్దనేవాళ్లు బైబిళ్లు మార్చుకుంటారు. మీ సంఘం పద్ధతి తెలుసుకున్నాకే బంగారం షాపుకి వెళ్లండి. అక్కడ గ్రాము ధర అన్ని షాపుల్లో దగ్గర దగ్గరగానే ఉంటుంది, తేడా అంతా తరుగు, మజూరీలో. పనితనం తక్కువున్న సాదా ఉంగరానికి తరుగు తక్కువ. హాల్‌మార్క్, దాని పక్కన అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఆ నగ గుర్తింపు) నంబరు చూసుకోండి. బిల్లు మీద 3 శాతం జీఎస్టీ ఉంటుంది.

పెట్టుబడులు, చదివింపులు

ఎవరూ బడ్జెట్‌లో రాయని ఖర్చు పెట్టుబడి బట్టలు. మేనత్తలకు చీరలు, బావగార్లకు ప్యాంటు షర్టులు అని మొదలుపెడితే యాభై జతలు దాటుతుంది. రెండువైపులా తల్లిదండ్రులకు, తోబుట్టువులకు మాత్రమే అని రెండు కుటుంబాలూ ఒక్క మాట మీద ఉండాలి. ఒకరు పెట్టి ఒకరు పెట్టకపోతే గొడవ. ఆ మాట మేనత్తకు పెళ్లి రోజు తెలియకూడదు. ముందే ఇంటికి వెళ్లి, ‘అత్తయ్యా, ఈసారి బట్టలు ఎవరికీ పెట్టట్లేదు, మా పెద్దమ్మకి కూడా లేదు. నువ్వు మాత్రం ముందు రోజే వచ్చి దగ్గరుండాలి’ అని పెళ్లికొడుకో పెళ్లికూతురో స్వయంగా చెప్పాలి. పెద్దమ్మకి కూడా లేదన్న ముక్క మర్చిపోకండి, పని చేసేది అదే.

చదివింపులు వస్తాయి కదా, వాటితో బాకీలు తీర్చేద్దామని లెక్క వేసుకోకండి. అవి ఎంత వస్తాయో ఎవరూ చెప్పలేరు. పైగా అవన్నీ తిరిగి చదివించాల్సినవే. పుస్తకం, పెన్ను, తాళం ఉన్న పెట్టె ఇచ్చి ఇద్దరిని కూర్చోబెట్టండి. ఒకరు రాయాలి, ఒకరు కవర్లు లోపల వేయాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను

కార్డులు పెద్దవాళ్లకీ, చేతికిచ్చి పిలవాల్సిన వాళ్లకీ సరిపడా వంద వేయించండి. మిగతావాళ్లకి వాట్సాప్‌లో పంపి, తర్వాత ఫోన్ చేయండి. ఫోన్ చేయకపోతే పిలవనట్టే. ఫొటోలకి ఒకరు, వీడియోకి ఒకరు చాలు. ప్రీ వెడ్డింగ్ షూట్, ఎల్‌ఈడీ తెర, డ్రోన్ వద్దు. కరిజ్మా ఆల్బమ్ ఎన్ని షీట్లో ముందే మాట్లాడండి, ఎక్స్‌ట్రా షీట్ల దగ్గరే బిల్లు పెరుగుతుంది. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్నవాళ్ల కోసం తమ్ముడి ఫోన్ ట్రైపాడ్ మీద పెట్టి లైవ్ ఇస్తే సరిపోతుంది. పాటలకు చర్చి క్వాయర్‌నే అడగండి. వాళ్లకి టిఫిన్, ఆటో ఖర్చులు, ఒక మర్యాదైన కానుక ఇవ్వండి. గంట కొట్టి, తలుపులు తీసి, తివాచీ పరిచే చర్చి సేవకుడికి కవరు విడిగా, ముందే ఇవ్వండి. గుంటూరు నుంచి పెళ్లివారు విజయవాడ రావాలంటే ఆరేడు కార్ల కన్నా ఆర్టీసీ బస్సు ఒకటి అద్దెకు తీసుకోవడం నయం.

పెళ్లి రోజు ఉంగరాలు, తాళి, ఆధార్ జిరాక్సులు, పేర్లు రాసిన కాగితం, నీలం ఇంకు పెన్నులు రెండు, కానుకల కవర్లు, అన్నీ ఒకే సంచిలో పెట్టి తోడు పెళ్లికొడుకుకి అప్పగించండి. ఆ సంచి కారులో ఉండకూడదు, అతని భుజానే ఉండాలి. రిజిస్టర్‌లో సంతకం పెట్టే ముందు పేర్లు, తేదీలు ఒకసారి గట్టిగా చదవండి. వెనక ఫొటోగ్రాఫర్ ‘ఇటు చూడండి సార్’ అంటూనే ఉంటాడు, కాసేపు ఆగమనండి.

మర్నాడు సప్లయర్స్ వాళ్లు వచ్చినప్పుడు గిన్నెలు, గరిటెలు, కుర్చీలు లెక్క పెట్టి అప్పజెప్పండి, తగ్గితే డిపాజిట్‌లో కోసేస్తారు. ఆ వారంలోనే చర్చికి వెళ్లి సర్టిఫికెట్ తీసుకోండి. దాన్ని లామినేషన్ చేయించకండి, అటెస్టేషన్ స్టాంపు వేయాల్సి వచ్చినప్పుడు ఇబ్బంది అవుతుంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫోన్లో ఒక స్కాన్ దాచుకుని, రెండు ఇళ్లలోనూ ఒక్కో జిరాక్సు ఉంచండి.